వన్యప్రాణి రక్షణ చట్టాలు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ

అంతరించే దశకు చేరిన జంతువులను, పక్షులను, మొక్కలను వేట నుంచి, అమ్మకం నుంచి కాపాడేందుకు, వాటి నెలవులు ఆక్రమణల పాలు కాకుండా చూసేందుకు చేసిన శాసనాలను వన్యప్రాణి రక్షణ చట్టాలు అంటారు. తెలుగు రాష్ట్రాల్లో వీటికి మూలం 1972 నాటి వన్యప్రాణి (రక్షణ) చట్టం. పార్లమెంటు చేసింది కాబట్టి దాన్ని ఢిల్లీ చట్టమనే చాలామంది అనుకుంటారు. నిజానికి అది రాష్ట్రాలు అడిగి చేయించుకున్న చట్టం. అడిగిన 11 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇవాళ్టికీ అభయారణ్యాన్ని ప్రకటించేది, వేటగాడి మీద కేసు పెట్టేది, పంట పోయిన రైతుకు పరిహారం ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వమే. ఏ జంతువు నిలిచింది, ఏది కనుమరుగైంది అనే లెక్క ఢిల్లీలో కన్నా రాష్ట్ర గెజిట్‌లో, కలెక్టరు విచారణలో, అడవిలో తిరిగే బీటు ఆఫీసరు డైరీలో ఎక్కువగా తేలుతుంది.

1972కు ముందు

తెలుగు నేల మీద వర్తించిన తొలి వన్యప్రాణి శాసనాల్లో 1873లో మద్రాసు ప్రభుత్వం చేసిన అడవి ఏనుగుల సంరక్షణ చట్టం ఒకటి. విచక్షణ లేకుండా ఏనుగులను చంపడాన్ని, ముఖ్యంగా ఆడ ఏనుగులను చంపడాన్ని అది నిషేధించింది. ఏనుగు మీద జాలితో చేసిన చట్టం కాదది. దుంగలు లాగడానికి, సామాన్లు మోయడానికి సర్కారుకు ఏనుగులు కావాలి. ఆడ ఏనుగులు పోతే రేపటి మందలుండవు. కారణం ఏదైనా, ఒక జంతువు సంఖ్య తగ్గుతోందని గుర్తించి దాన్ని చంపకూడదని శాసనముఖంగా చెప్పడం అక్కడ మొదలైంది. 1879లో ఇలాంటి చట్టమే బ్రిటిష్ ఇండియాకూ వచ్చింది. 1912 నాటి పక్షులు, జంతువుల రక్షణ చట్టం వేటను మాన్పించలేదు. ఏ నెలల్లో వేటాడకూడదో ప్రకటించే అధికారాన్ని ప్రాంతీయ ప్రభుత్వాలకు ఇచ్చింది. పిల్లలు పెట్టే కాలంలో తుపాకీ దించాలన్నంత వరకే దాని పరిధి.

ఆ తర్వాత ఎక్కడికక్కడ చట్టాలు పుట్టాయి. బెంగాల్ 1932లో ఖడ్గమృగానికి ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. ఐక్య రాష్ట్రాలు 1935లో జాతీయ పార్కుల చట్టం చేశాయి. ఇవాళ కార్బెట్ పేరుతో ఉన్న పార్కు మరుసటి ఏడాది ఆ చట్టం కిందే ఏర్పడింది. బొంబాయి 1951లో సమగ్రమైన వన్యప్రాణి చట్టం తెచ్చింది. రాజ్యాంగం కూడా అడవి జంతువుల, పక్షుల రక్షణను రాష్ట్రాల జాబితాలోనే ఉంచింది. హైదరాబాద్ రాష్ట్రంలో పాకాల, పోచారం, ఏటూరునాగారం అభయారణ్యాలు 1952, 1953 సంవత్సరాల్లో ఏర్పడ్డాయి. వీటిలో పోచారం ఒకప్పుడు నిజాం వేట మైదానం. రాజు వేట కోసం కాపాడిన అడవి జనం కోసం, జంతువుల కోసం కాపాడే అడవిగా మారడానికి పట్టిన కాలం చాలా తక్కువ.

రాష్ట్రాలు కలిశాక ఆంధ్ర ప్రాంతంలోని 1882 నాటి మద్రాసు అటవీ చట్టాన్ని, తెలంగాణలోని 1355 ఫసలీ నాటి హైదరాబాద్ అటవీ చట్టాన్ని తీసేసి 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం చేశారు. రిజర్వు ఫారెస్టు హద్దులు, కలప రవాణా, చెట్ల నరికివేతకు శిక్షలు అన్నీ అందులోనివే. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు అటవీశాఖ సిబ్బందిని ‘జంగ్లాతోళ్లు’ అనడం ఇప్పటికీ వినిపిస్తుంది. నిజాం కాలపు శాఖ పేరు అలా నాలుక మీద మిగిలింది.

రాష్ట్రాలు అడిగిన చట్టం

రాష్ట్రాల జాబితాలోని విషయం మీద పార్లమెంటు తనంతట తాను చట్టం చేయలేదు. రెండు లేక అంతకు మించి రాష్ట్రాల శాసనసభలు తీర్మానించి కోరితే రాజ్యాంగంలోని 252వ అధికరణం ఆ వీలు కల్పిస్తుంది. 1970ల మొదట్లో ఒక రాష్ట్రంలో నిషేధించిన చర్మం పక్క రాష్ట్రంలో బాహాటంగా అమ్ముడుపోయేది. పులి హద్దు దాటితే దాని రక్షణ కూడా హద్దు దగ్గరే ఆగిపోయేది. ఈ చిక్కు విడదీయడానికి ఆంధ్రప్రదేశ్, బిహార్, గుజరాత్, హర్యానా, హిమాచల్ ప్రదేశ్, మధ్యప్రదేశ్, మణిపూర్, పంజాబ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ శాసనసభలు తీర్మానాలు చేశాయి. ముసాయిదా రచనలో ఐఏఎస్ అధికారి ఎం.కె. రంజిత్‌సిన్హ్ ముఖ్యపాత్ర వహించారు. 1972 సెప్టెంబరు 9న రాష్ట్రపతి ఆమోదం లభించింది.

252వ అధికరణంలో ఒక మెలిక ఉంది. అలా అప్పగించిన విషయం మీద చేసిన చట్టాన్ని సవరించే అధికారం పార్లమెంటుదే, రాష్ట్ర శాసనసభది కాదు. 1976లో 42వ రాజ్యాంగ సవరణ అడవులను, వన్యప్రాణులను ఉమ్మడి జాబితాలోకి మార్చింది. అదే సవరణతో పర్యావరణాన్ని, వన్యప్రాణులను కాపాడటం రాజ్యానికి ఆదేశిక సూత్రమూ, పౌరుడికి ప్రాథమిక విధీ అయింది. జమ్మూ కాశ్మీర్ మాత్రం 1978లో చేసుకున్న సొంత చట్టంతో 2019 దాకా నడిచింది.

చట్టం పని చేసే తీరు తెలియాలంటే రెండు విషయాలు పట్టుకోవాలి. ఒకటి జంతువుల జాబితా, రెండోది నేల ప్రకటన. షెడ్యూళ్లలో పేరున్న జంతువు ఎక్కడున్నా, అడవిలోనైనా మీ పెరట్లోనైనా, దానికి రక్షణ ఉంటుంది. నేలకు రక్షణ రావాలంటే మాత్రం ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించి తీరాలి. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడమే మన రాష్ట్రాల్లో జరిగిన చాలా గొడవలకు మూలం.

1991 సవరణ సరదా వేటను దాదాపు పూర్తిగా తుడిచేసింది. 2022 సవరణ ఆరు షెడ్యూళ్లను నాలుగు చేసింది. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మొదటి షెడ్యూలులో పులి, చిరుత, ఏనుగు, కృష్ణజింక, నెమలి, అలుగు, బట్టమేక పిట్ట, కలివికోడి, ఆలివ్ రిడ్లే తాబేలు వంటివి ఉన్నాయి. వీటి మీద నేరానికి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. సాధారణ నేరానికి మూడేళ్ల దాకా జైలు గాని, లక్ష దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ‘వేట’ అనే మాటకు చట్టం ఇచ్చిన అర్థం చాలా విశాలం. చంపడమే కాదు, ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం, ఎర వేయడం, తరమడం, పట్టుకోవడం, గూడు చెదరగొట్టడం, గుడ్లు తీయడం అన్నీ వేటే.

దసరా నాటి పాలపిట్ట

ఆ విశాలమైన అర్థం ఎందుకు అవసరమో చూడాలంటే దసరా రోజు పాలపిట్ట దగ్గరికి వెళ్లాలి. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కూ అదే రాష్ట్ర పక్షి. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకుంది. విజయదశమి నాడు పాలపిట్ట కంటపడితే శుభమని మన నమ్మకం. పూర్వం దానికోసం ఊరి బయటికి, చెరువు గట్టుకు, చేల వైపు నడిచి వెళ్లేవారు. కరెంటు తీగ మీద కూర్చున్నంతసేపు మట్టిరంగులో ఉన్నట్టుండి, ఎగిరిన క్షణంలో రెక్కల్లోని నీలమంతా విప్పి చూపే పక్షి. ఆ క్షణం కోసమే ఆ నడక.

ఊళ్లు పెరిగి, చేలు దూరమయ్యాక పక్షినే వీధిలోకి తెచ్చే పని మొదలైంది. పండగకు ముందే ఉచ్చులతో, జిగురుతో పట్టి, ఎగరకుండా రెక్కలు కట్టి, మూరెడు పంజరంలో పెట్టి గడప గడపకూ తిప్పి దర్శనం చేయిస్తారు. పురుగులు పట్టుకు తినే ఆ పిట్టకు పంజరంలో సరైన మేత దొరకదు. తీసేటప్పుడు ఈకలు విరుగుతాయి. పండగ తర్వాత వదిలేసినా ఎగరలేక ఎన్నో చచ్చిపోతాయి. పట్టినవాడు చట్టం ప్రకారం నేరస్థుడు. పది రూపాయలిచ్చి దర్శనం చేసుకున్న మనం ఆ నేరాన్ని పోషించినవాళ్లం. పక్షిని చంపాలన్న ఉద్దేశం ఇందులో ఎవరికీ లేదు. అందుకే ‘పట్టుకోవడం’ కూడా వేటే అన్న నిర్వచనం ఇంత ముఖ్యమైంది. ఎవరి నమ్మకాన్నీ చట్టం తప్పు పట్టడం లేదు. పాత పద్ధతిలో నడిచి వెళ్లి చూసేవాళ్లకు అది అడ్డు రాదు.

గుప్తనిధుల కోసమని, అదృష్టం కోసమని రెండు తలల పామును, తాబేళ్లను, మందు పేరుతో అలుగు పొలుసులను, దేవాంగపిల్లిని కొనేవాళ్ల విషయంలో మాత్రం అంత మెత్తగా మాట్లాడలేను. ఆ జంతువులకు ఆ మహిమలేవీ లేవు. వాటి చావుకు కారణం పూర్తిగా కొనేవాడి దురాశ.

గీత ఎక్కడ గీయాలి: కొల్లేరు

రాష్ట్ర ప్రభుత్వం అభయారణ్యం ప్రకటించాలంటే ముందు తన ఉద్దేశాన్ని ప్రకటిస్తుంది. కలెక్టరు ఆ హద్దుల్లో ఎవరికి ఏ హక్కులున్నాయో విచారిస్తాడు. అభయారణ్యంలో కొన్ని హక్కులు కొనసాగనివ్వవచ్చు. జాతీయ పార్కులో ఆ సడలింపు లేదు. ఒకసారి ప్రకటించాక హద్దులు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి మండలి సిఫార్సు కావాలి. అంటే గీత గీసేది రాష్ట్రమే అయినా, గీసిన గీతను చెరపడం దాని ఒక్కదాని చేతిలో లేదు. ఇది ఎంత బరువైన నియమమో కొల్లేరు నేర్పింది.

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగుల నీరు దాంట్లో చేరి, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతుంది. వరదను ముందు కొల్లేరు తాగుతుంది, మిగిలింది కిందికి వదులుతుంది. 1970లలో ప్రభుత్వమే పేదల సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చింది. తర్వాతి రెండు దశాబ్దాల్లో పెట్టుబడిదారులు వచ్చారు, గట్లు లేచాయి, సరస్సు గడులు గడులుగా విడిపోయింది. 1999 అక్టోబరులో 120వ నంబరు జీవోతో +5 కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు) దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. ఏడేళ్లపాటు గట్లు కదలలేదు. 2006లో న్యాయస్థానాల ఆదేశాలతో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట గట్లను తెగ్గొట్టారు. లంక గ్రామాల్లో బతుకు ఒక్కసారిగా తలకిందులైంది.

2008లో శాసనసభ అభయారణ్యాన్ని +3 కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. హద్దు మార్చడానికి శాసనసభ తీర్మానం చాలదు కనుక అది కేంద్రం దాకా వెళ్లింది. పి.ఎ. అజీజ్ నేతృత్వంలోని నిపుణుల సంఘం +5 హద్దునే ఉంచాలని చెప్పింది. కాంటూరు అంటే కాగితం మీద గీత. నేల మీద అది కొన్ని మైళ్ల తేడా. సరస్సు ఎంత పల్లంగా ఉంటుందంటే నీరు రెండడుగులు లేస్తే అంచు ఎక్కడికో పోతుంది. ఈ వివాదంలో తప్పంతా లంక గ్రామాలదని అనడం అన్యాయం. హద్దుల లోపల జిరాయితీ భూములున్న రైతులున్నారు, తరతరాలుగా మావులతో, వలలతో చేపలు పట్టిన వడ్డీలున్నారు. ప్రకటన ముందు జరగాల్సిన హక్కుల విచారణ, పరిహారం పూర్తిగా జరిగి ఉంటే ఈ కక్ష ఇంత పెరిగేది కాదు. అయితే హద్దు కుదించి ఉంటే కొల్లేరు మిగిలేది కాదన్నదీ అంతే నిజం. ఆటపాక దగ్గర గూళ్లు కట్టే గూడబాతులకు ఈ వాదన తెలియదు, వాటికి కావాల్సింది నిలువ నీరు, చేప.

కలివికోడి, బట్టమేక పిట్ట

1848లో శాస్త్రానికి పరిచయమైన కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే పుస్తకాల్లో రాశారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, పిట్టలు పట్టడంలో నేర్పరి అయిన ఒక స్థానికుడి సాయంతో దాన్ని మళ్లీ కనుగొన్నారు. పొదల మధ్య రాత్రిపూట టార్చి వెలుగులో చేత్తో పట్టిన ఆ పిట్ట ఎక్కువసేపు బతకలేదు. కానీ ఎనభై ఆరేళ్ల తర్వాత జాతి బతికే ఉందని ప్రపంచానికి తెలిసింది. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ప్రపంచంలో మరెక్కడా ఖాయంగా కనిపించని పక్షి కోసం రాష్ట్రం ఇంత త్వరగా కదలడం మెచ్చుకోవాల్సిన విషయం. తర్వాత తెలుగుగంగ కాలువ దాని నెలవులోకి వచ్చినప్పుడు వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి కాలువ దారి మార్చాల్సి వచ్చింది.

కలివికోడిని చూడటం కష్టం. పగలు కదలదు, చీకటి పడ్డాక కాసేపు రెండు స్వరాల్లో కూస్తుంది. అందుకని పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లారి వెళ్లి అడుగుజాడలు వెదికేవారు. మూడు వేళ్ల గుర్తు దొరికిన ఉదయం పండగే. ఆ పరిశోధనలో ఒక గమ్మత్తయిన సంగతి తేలింది. ఈ పిట్టకు మరీ దట్టమైన చిట్టడవీ పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. మేకలు మేసి, కట్టెలు కొట్టి, మధ్య మధ్య ఖాళీలు మిగిలిన పొదలు కావాలి. మేకల్ని పూర్తిగా తరిమేస్తే పొదలు కమ్ముకుని పిట్టకు చోటు పోతుంది. మితిమీరి మేపితే పొదలే పోతాయి. ‘మనుషులు రాకూడదు’ అని ఒకే మాటతో చెప్పే చట్టం ఇలాంటి చోట తడబడుతుంది. అభయారణ్య నిర్వహణ ప్రణాళికలో మేకల కాపరికి కూడా చోటుండాలి.

రోళ్లపాడుది ఇంకో పాఠం. కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు, 1988లో, ఆరు చదరపు కిలోమీటర్ల గడ్డి మైదానాన్ని బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేశారు. ఆ చోటు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. పదిహేను కిలోల దాకా తూగే ఈ భారీ పక్షి నేల మీదే, సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. దానికి కావాల్సింది చుట్టూ పరుచుకున్న గడ్డి నేలలు, మెట్ట చేలు. కంచె లోపల కృష్ణజింకలు పెరిగాయి. కంచె బయట కాలువ నీరు వచ్చి మెట్ట సాగు మారింది. జింకలు పంటలు మేస్తుంటే రైతులకు అభయారణ్యం మీదే కోపం వచ్చింది. ఇటీవలి ఏళ్లలో అక్కడ బట్టమేక పిట్ట కనిపించడం దాదాపు ఆగిపోయింది. రెవెన్యూ రికార్డుల్లో గడ్డి నేలను ‘బంజరు’ అని రాసినంత కాలం దాని మీద బతికే ప్రాణులకు కష్టమే. అడవి అంటే చెట్లే అనుకునే మన అలవాటు ఈ పక్షికి చేసిన కీడు, వేటగాళ్లు చేసినదానికి ఏమాత్రం తక్కువ కాదు.

నల్లమల, కుమురం భీం

1978లో అభయారణ్యంగా, 1983లో ప్రాజెక్టు టైగర్‌లో భాగంగా గుర్తింపు పొందిన నాగార్జునసాగర్–శ్రీశైలం రిజర్వు రాష్ట్ర విభజనతో రెండయింది. కృష్ణకు ఉత్తరాన ఉన్నది అమ్రాబాద్ పులుల రిజర్వుగా తెలంగాణకు వచ్చింది. తెలంగాణలోని రెండో రిజర్వు కవ్వాల్ 2012లో ఏర్పడింది. 2006 సవరణ ప్రకారం జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ సిఫార్సు మీద రాష్ట్రమే పులుల రిజర్వును ప్రకటిస్తుంది. అదే ఏడాది అటవీ హక్కుల చట్టమూ వచ్చింది. కోర్ ప్రాంతంలోంచి గిరిజనులను వాళ్ల ఇష్టం లేకుండా, హక్కులు తేల్చకుండా కదిలించకూడదని రెండూ చెబుతాయి. నల్లమలలో చెంచులను బేస్ క్యాంపుల్లో ప్రొటెక్షన్ వాచర్లుగా తీసుకోవడం అటవీశాఖ చేసిన మంచి పనుల్లో ఒకటి. పాదముద్ర చూసి పులి ఎటు పోయిందో, ఎప్పుడు పోయిందో చెప్పగల చెంచును అడవి బయట పెట్టి అడవిని కాపాడటం అయ్యే పని కాదు.

శాసనసభకు తనంతట తానే వన్యప్రాణి చట్టాన్ని సవరించే వీలు లేకపోయినా దాని మాటకు విలువ ఉంది. అమ్రాబాద్ అడవుల్లో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవంగా తీర్మానించింది. కొల్లేరు విషయంలో గీత కుదించమన్న సభా తీర్మానం ఒకటి, నల్లమల విషయంలో గీత కాపాడమన్న సభా తీర్మానం ఒకటి. రెండూ ప్రజల ఒత్తిడితో పుట్టినవే.

2025లో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న మళ్లీ లేచింది. మహారాష్ట్రలోని తాడోబా నుంచి కవ్వాల్ వైపు పులులు నడిచే దారిని కలుపుతూ దాదాపు 1,500 చదరపు కిలోమీటర్లను మే 30న 49వ నంబరు జీవోతో కన్సర్వేషన్ రిజర్వుగా ప్రకటించారు. కన్సర్వేషన్ రిజర్వు అనేది 2002 సవరణతో వచ్చిన కొత్త తరహా. అభయారణ్యమంత కట్టుదిట్టం అందులో ఉండదు. స్థానికులతో సంప్రదించాకే ప్రకటించాలని చట్టంలోనే ఉంది. తమను అడగలేదని గిరిజన గ్రామాలు, సంఘాలు ఆందోళనకు దిగాయి. జులైలో ప్రభుత్వం జీవోను నిలిపివేసింది. ఆ దారిలో పులులు ఇప్పటికీ వస్తూపోతూ ఉన్నాయి. ఊళ్లలో ముందుగా కూర్చుని మాట్లాడి ఉంటే ఆ దారికి ఈపాటికి రక్షణ దక్కేదేమో.

కడలి, చెట్టు

సముద్రానికి చట్టం వేరు. ఆంధ్రప్రదేశ్ తీరంలో చేపల వేటను 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం అదుపు చేస్తుంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల మీద నిషేధం ఉంటుంది. అది చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని దృష్టిలో పెట్టుకున్నది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుక తిన్నెలెక్కి గుడ్లు పెట్టేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. మొదటి షెడ్యూలు రక్షణ ఉన్న ప్రాణి, నిషేధం లేని నెలల్లోనే ట్రాల్ వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తోంది. తాబేలు తప్పించుకునే పరికరాన్ని వలకు బిగించడం, ఆ మూడు నెలలూ తీరానికి దగ్గరగా ట్రాలింగ్ ఆపడం తప్ప దీనికి దారి లేదు.

చెట్ల విషయంలో రాష్ట్ర శాసనానికి బలం ఎక్కువ. శేషాచలం, లంకమల, వెలిగొండల్లో తప్ప సహజంగా పెద్దగా పెరగని ఎర్రచందనం అక్రమ రవాణాకు శిక్షలు పెంచుతూ 2016లో ఆంధ్రప్రదేశ్ తన అటవీ చట్టాన్ని సవరించింది. పట్టా నేలల్లోని చెట్లకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం వర్తిస్తుంది. జీవవైవిధ్య చట్టం కింద వారసత్వ స్థలాలను రాష్ట్రమే ప్రకటిస్తుంది. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువుకు 2016లో ఆ హోదా దక్కింది.

ప్రకటన లేని నేల సంగతి ఏమిటన్నది 2025 వసంతంలో హైదరాబాద్ నగరంలోనే తేలింది. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు అక్కడి జింకలకు, నెమళ్లకు చట్టం రక్షణ ఉంది, వాటి కాళ్ల కింది నేలకు లేదు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా కల్పించుకుని పనులు ఆపించింది.

పంట పోయిన రైతు

అడవి పంది ఒక్క రాత్రిలో ఎకరం వేరుశనగను దున్నేస్తుంది. పొద్దున్నే చేనుకు వెళ్లిన రైతు కళ్లతో చూడకుండా ఈ చట్టం గురించి మాట్లాడటం సబబు కాదు. మొదటి షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికి ముప్పయినా ముందు పట్టడానికి, మత్తిచ్చి తరలించడానికి ప్రయత్నించాలి. అది కుదరకపోతేనే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ చంపడానికి లిఖితపూర్వకంగా అనుమతిస్తారు. రెండో షెడ్యూలులోని అడవి పందికి పంట నష్టం కూడా తగిన కారణమే. ఆ అధికారాన్ని కింది అధికారులకూ ఇవ్వవచ్చు. కేరళ 2022లో దాన్ని పంచాయతీల పెద్దలకు అప్పగించింది. అంతటితో ఆగక 2025లో కేంద్ర చట్టానికి రాష్ట్ర సవరణ బిల్లును శాసనసభలో ఆమోదించింది. ఉమ్మడి జాబితా విషయం కనుక అలాంటి సవరణ నిలవాలంటే రాష్ట్రపతి ఆమోదం ఉండాలి.

చిత్తూరు జిల్లాలోకి 1980లలో పొరుగు రాష్ట్రాల నుంచి ఏనుగులు వచ్చాయి. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. చిన్న అడవి, చుట్టూ చెరకు, టమాటా, మామిడి. ఏనుగు ఒక్క అడుగు బయట పెడితే ఎవరో ఒకరి ఏడాది కష్టం పోతుంది. 2025 మేలో కర్ణాటక నుంచి శిక్షణ పొందిన నాలుగు కుంకీ ఏనుగులను తెచ్చారు. వాటితో అడవి ఏనుగులను వెనక్కి మళ్లించవచ్చు. రైతుకు మాత్రం పరిహారం సకాలంలో, పూర్తిగా అందడమే చట్టం. నెలల తరబడి ఆలస్యమైన చెక్కు, ఏనుగుకు వ్యతిరేకంగా ఎవరు చేసే ప్రచారానికన్నా ఎక్కువ హాని చేస్తుంది.

మరోవైపు ఏ జీవోతో పని లేకుండా పక్షులను సాకుతున్న ఊళ్లున్నాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో, చిలమత్తూరు మండలం వీరాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చింతచెట్ల మీద, చెరువు మధ్య తుమ్మల మీద గూళ్లు కడతాయి. రెట్టల వాసన, అరుపులు, చొక్కా మీద పడే చేప ముక్కలు అన్నీ ఊరు ఓర్చుకుంటుంది. పక్షులు రాని ఏడాది వానలు పడవని పెద్దవాళ్ల నమ్మకం. ఇలాంటి చోట్ల కోసమే 2002లో కమ్యూనిటీ రిజర్వు అనే ఏర్పాటు తెచ్చారు. ఊరి నేల ఊరిదే, నిర్వహణ ఊరి సంఘానిదే. తెలుగు రాష్ట్రాలు దాన్ని వాడుకోవాల్సినంత వాడుకోలేదు.

కేసు నిలబడాలంటే

వన్యప్రాణి కేసులో శిక్ష పడటం తేలిక కాదు. జంతువు సాక్ష్యం చెప్పలేదు, నేరం జరిగిన చోట మనుషులుండరు. అందుకే చట్టం కొన్ని ప్రత్యేక ఏర్పాట్లు చేసింది. చర్మమో, గోళ్లో ఎవరి దగ్గర దొరికితే అవి సక్రమంగా వచ్చినవని రుజువు చేయాల్సిన భారం వాళ్లదే. అసిస్టెంట్ కన్సర్వేటర్ స్థాయికి తగ్గని అధికారి, నిందితుడి ఎదుట నమోదు చేసిన సాక్ష్యాన్ని కోర్టు స్వీకరిస్తుంది. అయినా పంచనామాలో తేదీ తప్పితే, నమూనాను ప్రయోగశాలకు పంపడం ఆలస్యమైతే కేసు వీగిపోతుంది.

ఇవాళ రెండు రాష్ట్రాల్లోనూ తుపాకీకన్నా ప్రమాదకరమైన ఆయుధం బైండింగ్ తీగ. పదకొండు కేవీ లైనుకు కొక్కెం తగిలించి, చేను గట్టు వెంట మోకాలి ఎత్తున చిన్న కర్రలకు కట్టి వదులుతారు. పంది కోసం పెట్టిన తీగకు చిరుత తగులుతుంది, పులి తగులుతుంది, నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతూ తగులుతాడు. తీగకు ప్రాణి తగిలిన క్షణంలో సబ్‌స్టేషన్‌లో ఫీడరు ట్రిప్పవుతుంది. ఎన్ని గంటలకు, ఏ ఫీడరులో, ఎన్నిసార్లు అన్నది అక్కడి లాగ్‌బుక్‌లో ఉంటుంది. లైన్‌మన్ ఆ సంగతిని అదే రాత్రి బీటు ఆఫీసరుకు ఫోన్ చేసి చెబితే, తెల్లారేలోగా తీగ చుట్టేసి పారిపోయే మనిషిని గట్టు మీదే పట్టుకోవచ్చు.